అమ్మకి ఇయ్యని కార్డు



ఫిబ్రవరి 14న హాస్టల్ నుంచి చర్ల దగ్గర మా ఊరికి వచ్చిన. నా ఫోన్‌లో ఎర్ర గుండె బొమ్మలు చూసి వాడ పిల్లలు "అక్కా, ఇదేం పండగ?" అన్నారు. "ఇష్టమైనవాళ్లకి కార్డు ఇచ్చే రోజు" అని చెప్పిన. పాత నోట్‌బుక్ అట్టలు కత్తిరించినం. మోదుగ పూలు నలిపితే రంగు, అన్నం మెతుకులే జిగురు.

మూడో తరగతి పిల్ల ఒకతి మిరపచెట్టు, పక్కన మనిషిని గీసింది. వాళ్లమ్మ మిర్చి ఏరడానికి ఖమ్మం వైపు పోయింది. "అమ్మా అని రాయవే" అన్న.

"మా అమ్మకి చదువు రాదు కదక్కా. బొమ్మయితే తెలుస్తది."

నాకు మాట రాలేదు. ఆశ్రమ పాఠశాలలో ఐదో తరగతిలో నేనూ న్యూ ఇయర్‌కి అమ్మ కోసం గ్రీటింగ్ కార్డు చేసిన. నాలుగు లైన్లు గుండ్రంగా రాసిన. సెలవులకి తెచ్చి, అమ్మకి చదవరాదని ట్రంకు పెట్టెలోనే దాచిన. నేనే చదివి వినిపించొచ్చు. కానీ సిగ్గుపడ్డ. ఆ సిగ్గు అమ్మ గురించి.

పిల్ల కార్డుని ఫొటో తీసి వాళ్ల ముఠా మేస్త్రి ఫోన్‌కి పంపినం. రాత్రి నా పెట్టె అంతా వెతికిన, నా కార్డు దొరకలేదు. అమ్మ పక్కన కూర్చొని గుర్తున్న రెండు లైన్లు చెప్పిన.

"అప్పుడే ఇయ్యకపోయినవా బిడ్డా" అంది.