కదలని బండి

మనము కదలుచున్నామని తెలుపునది కన్ను ఒక్కటియే కాదు. చెవి లోపల అర్ధవృత్తాకార నాళములు మూడు కలవు. తల ఏ వైపునకు తిరిగినను వానిలోని ద్రవము ఆ వార్తను మెదడునకు చేరవేయును. విద్యార్థులారా, మీరు విజ్ఞానశాస్త్రములో దీనిని చదివియే యుందురు. నేను తెలుగు పండితుడను. పుంగనూరులో ఒక పాత కారు కుర్చీమీద కూర్చుండి దీనిని తెలిసికొంటిని.

నా పూర్వశిష్యులు ఇద్దరన్నదమ్ములు. పెద్దవాడు పుంగనూరులో మెకానిక్కు. చిన్నవాడు కుప్పములో ఇంజనీరింగు చదువుచున్నాడు. వారి చెల్లెలు తండ్రి మినీలారీని తానే నడపి, తోటలోని టమోటాలను మదనపల్లె మార్కెట్టునకు చేర్చెదనని పట్టుపట్టెను. తెల్లవారుజాము చీకటి త్రోవ యని తల్లి భయపడెను. అందుచేత అన్నలు ఇంటిలోనే ఒక పీఠము కట్టిరి. క్రింద ఇనుప చట్రము, నడుమ కీలు, పైన కుర్చీ, ఎదుట కంప్యూటరు తెర, స్టీరింగు. పాత లారీల వైపరు మోటార్లు రెండు ఆ కుర్చీని ముందువెనుకలకు, ప్రక్కలకు వంచును.

ఇట్టి పని క్రొత్తది కాదు. అమెరికాలో ఎడ్విన్ లింక్ అనునతడు 1929లో, తండ్రి ఆర్గాన్ వాద్యముల కర్మాగారములోని తిత్తులతో, కదలెడు విమానపు పెట్టెను చేసెను. మొదట దానిని కొన్నవారు వినోదశాలలవారే. 1934లో సైనిక వైమానికులు టపా మోయబోయి, మంచులో దారి కానక పలువురు మరణించిరి. అప్పుడు గాని సైన్యము ఆరు యంత్రములను కొనలేదు.

పుంగనూరు పీఠముమీద ఆ పిల్ల మొదటి దినము పది నిమిషములు కూర్చుండి, దిగి, వాంతి చేసికొనెను. "ఇది నావల్ల కాదు" అని అసలు బండిని కూడ ముట్టుట మానెను.

కారణమిది. బ్రేకు వేసినపుడు శరీరము ముందునకు తూలును. పరుగెత్తలేని పీఠము ముందునకు వంగును. అప్పుడు మన బరువే మనలను లాగును. పది డిగ్రీల వంపునకు బరువులో సుమారు ఆరవవంతు లాగుడు కలుగును. కాని సెకనుకు రెండు మూడు డిగ్రీలను మించి వంగినచో చెవి కనిపెట్టును. కన్నొకటి, చెవి యొకటి చెప్పినచో కడుపు త్రిప్పును. అన్నలు ఉత్సాహముతో కదలికను నిండుగా పెట్టియుండిరి.

చిన్నవాడు ఆదివారములలో కుప్పమునుండి వచ్చి సవరించెను. కదలికను సగమునకు తగ్గించెను. కుదుపులను మెత్తపరచగా కుర్చీ తెరకంటె వెనుకబడసాగెను. కుదుపుకంటె ఆలస్యమే చెడ్డదని అప్పుడు తెలిసెను. మెత్తదనమును మరల కొంత తీసివేసి, కదలికను మూడవవంతునకు దించెను. పెద్దవాడు మాట్లాడక కీలులోని వదులును బిగించెను. వదులైన బోల్టును ఏ కంప్యూటరు బిగింపగలదు? నా లెక్కలో సగము ఘనత అతనిదే.

ఆ పిల్లను మరల కూర్చుండబెట్టుటకు తల్లియే బ్రతిమాలవలసివచ్చెను. ఐదు నిమిషములు, విశ్రాంతి; మరల ఐదు. నెల గడచునప్పటికి అరగంట నిలిచెను. పిదప లైసెన్సు పొంది, తండ్రిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని, పగటివేళ మదనపల్లెకు సరకు తెచ్చెను. ఆ సాయంకాలమే పీఠమెక్కి బ్రేకు తొక్కి చూచి,

"అన్నా, క్రేట్లు నిండిన బండి ఇంత తొందరగా ఆగదు. దీన్ని మార్చు" అనెను.

చిన్నవాడు మరల అంకెలు దిద్దుచున్నాడు.