మేం ముఖ్‌బిర్లుగానే పనికొస్తామా?

1992 డిసెంబరు. బాబ్రీ మసీదు కూలిన నెల. మా ఊరి మసీదు ఎదురుగా ఉన్న చాయ్ హోటల్లోకి ఒక కొత్త మనిషి రావడం మొదలుపెట్టాడు. శుక్రవారం జుమ్మా నమాజు అయ్యేదాకా ఒక్క చాయ్‌తోనే కూచునేవాడు. చేతిలో పేపరు ఉండేది గానీ పేజీ తిరిగేది కాదు. చిన్నపిల్లలు కూడా ‘సీఐడీ వచ్చిండు’ అనేవాళ్లు. ఆయన ఏ శాఖ మనిషో నాకు ఈ రోజుకీ తెలియదు. మాకు అందరూ సీఐడీలే.

మా అబ్బా దర్జీ. మసీదు పక్కనే షాపు. ఒకరోజు ఆ మనిషి షాపులోకొచ్చి స్టూలు మీద కూచున్నాడు.

‘ఎవరెవరు కొత్తగా వస్తున్నరు, బయానుల్లో ఏం మాట్లాడుతున్నరు, అప్పుడప్పుడు చెబుతుంటే చాలు సాయిబూ. ఖర్చులకు ఏదన్నా చూస్తం’ అన్నాడు.

అబ్బా మిషను ఆపాడు. ‘ముఖ్‌బిర్ పని నాతోటి కాదు సార్. మావాడు బీఏ పాసైండు. మీ ఆఫీసుల నౌకరీ ఉంటే ఇప్పియ్యండి’ అన్నాడు.

ఆయన నవ్వాడు. ‘మీవాళ్లకా?’ అన్నాడు. అంతే. లేచి వెళ్లిపోయాడు.

లోపల కాజాలు కుడుతూ కూచున్న ఆ బీఏ పాసైనవాణ్ణి నేనే. తిట్టినా, కొట్టినా మర్చిపోయేవాణ్ణేమో. ఆ నవ్వు మాత్రం పోలేదు.

ఇన్నేళ్ల తర్వాత, 2025 జూలైలో, మా ఆపా బిడ్డ ఫోను పట్టుకుని వచ్చింది. డిగ్రీ అయి రెండేళ్లు. ‘మామూ, ఇంటలిజెన్స్ బ్యూరోల 3,717 పోస్టులు పడ్డయి. ఫారం నింపుతా’ అంది.

‘నక్కో’ అన్నాను. ఆలోచించకుండానే వచ్చింది ఆ మాట.

‘కైకు నక్కో మామూ?’

నా దగ్గర రెండు జవాబులున్నాయి. వాళ్లు నిన్ను నమ్మరు అన్నది మొదటిది. అది చెప్పాను. నువ్వు అక్కడ చేరితే మనవాళ్లు నిన్ను నమ్మరు అన్నది రెండోది. అది గొంతులోనే ఆగిపోయింది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నేను చెప్పింది నిజమేనా?

ఇంటలిజెన్స్ బ్యూరోను 1887లో ఇంగ్లీషువాళ్లు పెట్టారు. ఏలేవాడు ఏలబడేవాళ్ల మీద కన్నేసి ఉంచడానికి పుట్టిన శాఖ అది. స్వాతంత్ర్యం వచ్చాక కుర్చీల్లో మనుషులు మారారు. చూసే చూపు మారిందా? ఆ శాఖ కోసం పార్లమెంటు చేసిన ప్రత్యేక చట్టం ఈనాటికీ లేదు. 2005 సమాచార హక్కు చట్టం కూడా, అవినీతి, మానవ హక్కుల ఉల్లంఘన ఆరోపణలు తప్ప, దాన్ని మినహాయించింది. లోపల మావాళ్లు ఎందరున్నారని అడిగితే జవాబు చెప్పాల్సిన పని వాళ్లకు లేదు.

బయట కనిపించే లెక్కలున్నాయి. 2006లో సచార్ కమిటీ చెప్పింది: జనాభాలో ముస్లింలు 13.4 శాతం, ఐఏఎస్‌లో 3 శాతం, ఐఎఫ్ఎస్‌లో 1.8 శాతం, ఐపీఎస్‌లో 4 శాతం. తలుపు తెరిచి ఉన్న ఇళ్లలోనే మా వాటా ఇంత. తలుపు మూసిన ఇంట్లో ఎంత ఉంటుందో మీరే ఊహించండి.

‘ఆసిఫ్ ఇబ్రహీం డైరెక్టరు కాలేదా?’ అంటారు. అయ్యారు. 2013 జనవరిలో. రెండేళ్లు చేశారు. ఆ శాఖ పుట్టిన 125 ఏళ్లకు మొదటి ముస్లిం డైరెక్టరు. మేమూ సంతోషించాం, మిఠాయి పంచుకున్నాం. కానీ ఒక్క పేరును పదేపదే చూపించాల్సి వస్తోందంటే అర్థమేమిటి? రెండో పేరు లేదనే కదా.

నిఘా శాఖలను ఆధునీకరించాలని పెద్దలంతా అంటున్నారు. ఆధునీకరణ అనగానే కెమెరాలు, కంప్యూటర్లు, మొహాలు గుర్తుపట్టే యంత్రాలు. యంత్రం వింటుంది నిజమే. 2001 సెప్టెంబరు 10న అమెరికా యంత్రాలు కూడా విన్నాయి. రేపే ముహూర్తం అన్న అర్థం వచ్చే అరబ్బీ మాటలు చిక్కాయి. వాటిని తర్జుమా చేసింది సెప్టెంబరు 12న. అప్పటికి టవర్లు కూలిపోయాయి. ఆ సంస్థల్లో భాషలు తెలిసినవాళ్ల కొరత ఉందని తర్వాత వాళ్ల కాంగ్రెస్ విచారణే తేల్చింది.

బ్రిటన్లో 2018లో పార్లమెంటు కమిటీ గూఢచారి సంస్థల్లో ఆడవాళ్లెందరు, మైనారిటీలెందరు అని లెక్కలు తీసి రిపోర్టు అచ్చేసింది. అదే ఏడాది వాళ్ల ఎంఐ6 మొదటిసారి టీవీలో ఉద్యోగ ప్రకటన ఇచ్చింది. అక్కడి ముస్లింల మీద అనుమానం పోయిందని నేననడం లేదు. ఒకే రకం మనుషులు కూచుంటే ఒకే రకంగా ఆలోచిస్తారని వాళ్లకు అర్థమైంది, అంతే. అది మామీద దయ కాదు, వాళ్ల అవసరం.

మనకు ఆ అవసరం లేదా? 2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలింది. నమాజుకు వచ్చినవాళ్లు చచ్చిపోయారు. ఆ తర్వాత పోలీసులు పట్టుకుపోయిందీ మా పిల్లల్నే. కేసులు కోర్టుల్లో నిలవలేదు. చివరికి రాష్ట్ర ప్రభుత్వమే కొందరికి నష్టపరిహారం ఇచ్చింది. ఎవర్ని అనుమానించాలో నిర్ణయించే బల్ల దగ్గర మా గల్లీ తెలిసినవాళ్లు, మా మాట తెలిసినవాళ్లు ఒకరిద్దరైనా ఉంటే? అన్నీ ఆగిపోయేవని కాదు. ‘ఆగండి, ఇంకో దిక్కు కూడా చూడండి’ అనడానికి ఒక నోరైనా ఉండేది.

మనమూ ఒకటి ఒప్పుకోవాలి. ఆ శాఖ మమ్మల్ని ముఖ్‌బిర్లుగానే చూసింది, నిజం. కానీ అక్కడికెళ్లే ప్రతి ముస్లింనూ ముఖ్‌బిర్ అనే మేమూ చూస్తున్నాం. ముఖ్‌బిర్ అంటే చీకట్లో తీసుకునే ఖర్చులు. సంతకం లేదు, జీతం రసీదు లేదు, పింఛను లేదు, పేరు లేదు. అఫ్సర్ అంటే పరీక్ష రాసి, పేరు చెప్పి, రాజ్యాంగం మీద ప్రమాణం చేసి కూచునే కుర్చీ. ఈ రెంటినీ ఒకటి చేసి మాట్లాడితే ఆ తలుపుకు గొళ్లెం మా వైపు నుంచి కూడా పెట్టినట్టే.

తెల్లారి ఆ రెండో జవాబు కూడా ఆమెకు చెప్పేశాను. షాపులో అబ్బా అడిగింది, ఆ మనిషి నవ్వింది, అదీ చెప్పాను. మా అబ్బా ఆమెకు నానా. ఆమె పుట్టకముందే పోయాడు.

ఆమె కాసేపు మాట్లాడలేదు. తర్వాత, ‘నానా ఏమడిగిండు మామూ? నౌకరీనే కదా. నేనూ అదే అడుగుతున్నా’ అంది.

నెట్ సెంటరుకు ఇద్దరం కలిసే వెళ్లాం. ఫీజు నేనే కట్టాను. మొదట వంద మార్కుల పేపరు, తర్వాత వ్యాసం, ఆ తర్వాత ఇంటర్వ్యూ. అన్నీ దాటితే ఇంటికి ఎంక్వయిరీ. అన్ని మెట్లూ ఎక్కుతుందో లేదో నాకు తెలియదు. ఎక్కలేకపోతే అది మార్కులవల్ల కావాలి, పేరువల్ల కాకూడదు. మేం కోరేది అంతే.

ఎంక్వయిరీ మనిషి మా గుమ్మం ముందుకు వస్తే కుర్చీ వేస్తాను. చాయ్ ఇస్తాను. ‘మా బిడ్డ డిగ్రీ పాసైంది సార్, మీ ఆఫీసుల నౌకరీ అడుగుతోంది’ అని అబ్బా అన్న మాటే అంటాను.

ఆయన నవ్వుతాడా, రాసుకుంటాడా అన్నది చూస్తాను.