ముక్కు చూసి పిల్లిని తెచ్చుకోండి

పర్షియన్ పిల్లి కావాలని మా బిటియా జిద్. ముక్కు ఎంత చప్పిడిగా ఉంటే అంత ఖూబ్‌సూరత్ అంటుంది. నా ఫికర్ ఆ ముక్కు గురించే.

1620లో ఇటలీ ముసాఫిర్ పియెత్రో దెల్లా వల్లె ఇరాన్‌లోని పొడవాటి జుట్టు పిల్లుల గురించి ఉత్తరంలో రాశాడు. ఇంత చప్పిడి షకల్ మాత్రం 20వ శతాబ్దపు బ్రీడర్లు తెచ్చిందే. దాంతో ఊపిరి సరిగా ఆడదు, కళ్లు కారుతుంటాయి. మిజాజ్ చాలా నరమ్. తక్లీఫ్ ఉన్నా గోల చేయదు.

మా బోయిన్‌పల్లిలో మే ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. అప్పుడది నోరు తెరిచి రొప్పితే వెంటనే డాక్టరుకు చూపించాలి. జుట్టు రోజూ దువ్వాలి. బేజుబాన్ జానవర్ మన చేతిలో అల్లాహ్ పెట్టిన అమానత్ కదా!

అందుకే కాస్త ముక్కున్న పిల్లినే తెద్దామన్నాను. బిటియా ఒప్పుకోవడానికి రెండు రోజులు పట్టింది.