అప్‌డేట్ మధ్యలో ఆగినప్పుడు

కొత్త టాబ్లెట్‌లో ఆపరేటింగ్ సిస్టమ్ అప్‌డేట్ విఫలమై, తెరపై తయారీదారు చిహ్నం ఒక్కటే నిలిచిపోయినప్పుడు పరికరం పాడైపోయిందని భయపడటం సహజమే గాని, చాలా సందర్భాలలో అది నిజం కాదు. పవర్ అందగానే మొదట నడిచి మిగతా సిస్టమ్‌ను లేపే బూట్‌లోడర్ అనే చిన్న ప్రోగ్రాము సాధారణంగా చెక్కుచెదరదు. దాని ద్వారా రికవరీ మోడ్‌ను, అంటే ప్రధాన సిస్టమ్‌తో పనిలేకుండా మరమ్మతు కోసం విడిగా నడిచే స్థితిని, చేరుకోవచ్చు. ఐప్యాడ్‌ను ఈ స్థితిలో కంప్యూటరుకు కలిపితే 'అప్‌డేట్', 'రీస్టోర్' అనే రెండు మార్గాలు కనిపిస్తాయి. మొదటిది సొంత సమాచారాన్ని తుడవకుండా సిస్టమ్‌ను మాత్రమే తిరిగి ఎక్కించడానికి ప్రయత్నిస్తుంది, రెండవది సర్వమూ చెరిపివేస్తుంది కనుక, మొదటిదాన్ని వదిలి రెండవదానికి పోవడం తొందరపాటే.

ఇంతకన్నా ఆలోచింపజేసేది 2016లో ఆండ్రాయిడ్ 7.0తో వచ్చిన ఏ/బీ పద్ధతి: ఇందులో సిస్టమ్‌కు రెండు అరలుంటాయి, ఒకటి పనిచేస్తుండగా కొత్త వెర్షన్ రెండవదానిలో చేరుతుంది, అది లేవలేకపోతే బూట్‌లోడర్ పాత అరకే మరలుతుంది. వైఫల్యాన్ని ముందే ఊహించి వెనుదిరిగే దారి ఉంచిన ఈ రూపకల్పన ఎంతైనా మెచ్చదగినది. అయితే ఇది సొంత ఫైళ్లకు బ్యాకప్ కాదు. పైగా నేటి పరికరాలు వాటిని ఎన్‌క్రిప్షన్‌తో, అనగా తాళంచెవి లేనిదే చదవరాని రూపంలో దాచుతాయి గనుక, ఆ తాళంచెవి చెరిగాక నిపుణులు సైతం వాటిని రాబట్టలేరు.