తిరిగి పుట్టినవాడికి క్రీస్తు

యోహాను సువార్త 3వ అధ్యాయంలో నికోదేము యేసును దేవుని దగ్గర నుంచి వచ్చిన బోధకుడని ఒప్పుకుంటాడు. యేసు ఆ మర్యాదను అక్కడే ఆపి, తిరిగి పుట్టనివాడు దేవుని రాజ్యాన్ని చూడలేడంటాడు. బోధకుణ్ణి మెచ్చుకుంటే సరిపోతుంది. రక్షకుడికైతే బతుకునే అప్పగించాలి. క్రీస్తును ఒకప్పుడు లోకరీతిగా ఎరిగినా ఇక అలా ఎరగమని పౌలు రెండో కొరింథీ పత్రిక 5వ అధ్యాయంలో రాశాడు.

తెలుగు సంఘాలకు ఈ మార్పుకు బాగా దగ్గరి సాక్ష్యం సువార్తికుడు భక్తసింగ్ గారిది. 1903లో పంజాబ్‌లో సిక్కు కుటుంబంలో పుట్టారు. చదువుకునే రోజుల్లో తనకిచ్చిన బైబిలును చించేసి, బాగుందని అట్ట మాత్రం ఉంచుకున్నారు. అదే మనిషి 1929లో కెనడాలోని విన్నిపెగ్‌లో సువార్త చదువుతూ ఈ 3వ అధ్యాయం దగ్గరే ఆగిపోయారు. అంతవరకు పరాయివాళ్ల దేవుడైన క్రీస్తు అప్పటి నుంచి తన పాపాలు మోసిన ప్రభువయ్యాడు. ఎవరో వాదించి ఒప్పించిన నమ్మకం కాదు గనుకే అది అంత గట్టిగా నిలిచింది. 1932లో వాంకూవర్‌లో బాప్తిస్మం పొంది, మరుసటి ఏడాది భారతదేశానికి తిరిగొచ్చారు. 1950లో హైదరాబాద్‌లో హెబ్రోను అనే సంఘాన్ని మొదలుపెట్టారు. 2000 సెప్టెంబరులో ఆ నగరంలోనే కన్నుమూశారు.