లాడ్ బజార్ పిల్లలతో నౌబత్ పహాడ్‌ మీదికి

లాడ్ బజార్ వెనక లక్క గాజులు చేసే గల్లీ పిల్లల్ని ఆదివారం నౌబత్ పహాడ్ మీది బిర్లా ప్లానెటేరియానికి తీసుకెళ్లాను. 1985లో ఎన్.టి. రామారావు ప్రారంభించిన నక్షత్రశాల అది. చార్మినార్ నుంచి ఆటోలో వెళ్లేంత దూరమే అయినా చాలామంది ఎప్పుడూ చూడలేదు.

తెలుగు షోకి టికెట్లు తీసుకున్నాం. గుమ్మటం చీకటిపడి చుక్కలు పొడిచేసరికి అల్లరంతా ఆగిపోయింది. బయటికి రాగానే ఒక పాప పట్టుకుంది: "సార్, ఇన్ని చుక్కలు మా మిద్దె మీంచి కనబడవేం?" రంజాన్ నెలంతా అర్ధరాత్రి దాటినా వెలిగే బజారు వాళ్లది. ఆ వెలుగు గాలిలోని దుమ్ము మీద పడి చెదిరి ఆకాశమంతా పరుచుకుంటుందనీ, సన్నటి చుక్కలు అందులో కలిసిపోతాయనీ చెప్పాను.

అక్కడే 2019లో తెరిచిన అంతరిక్ష మ్యూజియంలో రాకెట్ల దగ్గర మగపిల్లలు కదల్లేదు. అప్పటి ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లిలో దొరికిన కోటసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం దగ్గరా అంతే.

నేను వాళ్లకు చెప్పాలనుకున్నది మాత్రం వాళ్ల పాతబస్తీ గురించి. మెట్ల మీద కూర్చోబెట్టి చెప్పాను. 1901లో నవాబ్ జఫర్ జంగ్ ఇంగ్లండ్ నుంచి 15 అంగుళాల టెలిస్కోప్ తెప్పించి ఫిసల్‌బండాలో అబ్జర్వేటరీ పెట్టారు. 1907లో ఆయన పోయాక నిజాం ప్రభుత్వం దాన్ని తీసుకుని బేగంపేటకు మార్చింది. అదే నిజామియా అబ్జర్వేటరీ. ఆకాశం మొత్తాన్నీ ఫొటోలు తీసి నక్షత్రాల జాబితా రాయాలని ప్రపంచంలోని అబ్జర్వేటరీలు వాటాలు పంచుకున్నప్పుడు, చిలీలోని శాంటియాగో వదిలేసిన భాగం మన హైదరాబాద్‌కి వచ్చింది. గాజు పలకల మీద పడిన ఒక్కో చుక్క స్థానాన్నీ సూక్ష్మదర్శినిలో చూసి కొలిచారు. అలా 7.6 లక్షలకు పైగా నక్షత్రాలు లెక్కకెక్కాయి. చాలా ఏళ్లు ఆ పనిని నడిపించిన టి.పి. భాస్కరన్ ఆ సంస్థకు తొలి భారతీయ డైరెక్టర్. కంప్యూటర్లు లేని కాలంలో ఈ ఊరు చేసిన ఇంత పెద్ద పని మన పాఠ్యపుస్తకాల్లో ఉండి తీరాలి.

"ఒక్కొక్కటీ కంటితో చూసేనా?" అంది ఆ పాప. వాళ్లమ్మ వేడి లక్క మీద చిమటాతో చెమ్కీ రాళ్లు అద్దుతుంది. "అమ్మకు సాయంత్రమయ్యేసరికి కళ్లు మండుతాయి సార్. వాళ్లకూ మండేవా?"

మండే ఉంటాయన్నాను. అయితే వచ్చే ఆదివారం ఫిసల్‌బండా చూపించమని అందరూ పట్టుబట్టారు. అక్కడ టెలిస్కోప్ లేదని చెప్పినా వినలేదు.