విధి, విధ్యర్థకం

మన వ్యాకరణంలో ఆజ్ఞకు 'విధి' అని పేరు. తలరాతకీ అదే పేరు. ఈ రెండు విధులూ ఎక్కడ కలుస్తాయో నాకు అర్థమైంది ముప్ఫై ఏళ్ళు తెలుగు పాఠం చెప్పినప్పుడు కాదు, రిటైరయ్యాక స్పానిష్ నేర్చుకుంటున్నప్పుడు.

స్పానిష్ ఎందుకంటే, మెక్సికో రచయిత్రి రొసారియో కాస్తెయానోస్ కోసం. 1971లో వచ్చిన ఆమె కథల సంపుటిలో 'వంట పాఠం' అనే కథ ఉంది. బాగా చదువుకున్న కొత్త పెళ్ళికూతురు తెల్లగా మెరిసే వంటింట్లో మాంసం వండుతూ తన బతుకు గురించి ఆలోచిస్తుంది. ఆ కథని ఆమె రాసిన భాషలోనే చదవాలని కోరిక.

నాలుగో నెలలో విధ్యర్థకాలు వచ్చాయి. స్పానిష్‌లో కొన్ని క్రియలకి ధాతువు మధ్యలో అచ్చు మారిపోతుంది. మూయడం 'సెర్రార్'. నువ్వు మూయి అనాలంటే 'సియెర్రా'. నిద్రపోవడం 'దోర్మిర్', నిద్రపో అంటే 'దువెర్మే'. వడ్డించడం 'సెర్విర్', వడ్డించు అంటే 'సిర్వే'. మనకిది వింతేం కాదు. 'వచ్చు' అన్న క్రియ ఆజ్ఞలో 'రా' అయిపోతుంది, 'తెచ్చు' 'తే' అవుతుంది.

ఈ క్రియల పట్టిక ఒకటి నోట్సులో రాసుకున్నాను. వేడి చెయ్యి, మరిగించు, ఉడికించు, వేయించు, రుబ్బు, పొయ్యి వెలిగించు, అంట్లు తోము, బట్టలు ఆరెయ్యి, చిరుగు కుట్టు, పిల్లల్ని లేపు, పడుకోబెట్టు, మొక్కలకి నీళ్ళు పొయ్యి. ఇవన్నీ ధాతువు మారే క్రియలే! ఒక ఆడమనిషి దినచర్య మొత్తం ఆ పట్టికలోనే సరిపోయింది. ఆలోచించు, కలగను, ఎంచుకో, కాదను, ఎగురు అనేవీ అదే జాతివి. అవి పట్టికలో అడుగున చేరాయి.

వీటిలో చాలావాటికి అచ్చు ఎందుకు మారుతుందంటే, లాటిన్‌లోని హ్రస్వ ఎకార ఒకారాలు ఊనిక పడిన చోట కాస్తీల్ ప్రాంతపు నోళ్ళలో రెండుగా చీలాయి. ఊనిక లేనిచోట అలాగే ఉన్నాయి. స్పెయిన్‌లో నలుగురు స్నేహితులతో 'మూయండి' అంటే 'సెర్రాద్'. ఊనిక చివరికి జరిగింది కాబట్టి ధాతువు చెక్కు చెదరలేదు. ఒంటరిదాని మీద బరువు పడితే విరుగుతుంది, నలుగురూ కలిస్తే విరగదు అని మనం సంబరపడవచ్చు. కానీ లాటిన్ అమెరికాలో అదే నలుగురితో అనే 'సియెర్రెన్'లో మళ్ళీ చీలింది. అర్జెంటీనాలో ఒక్కరికే చెప్పినా 'సెర్రా'యే, చీలదు. ధ్వనుల మార్పులో నీతి వెతకడం దండగ.

నన్ను ఆపేసింది ఇంకో సంగతి. 'సిర్వే' అంటే వడ్డించు. 'సిర్వే' అంటేనే 'ఆమె వడ్డిస్తుంది' కూడా. 'నువ్వు' రూపంలో ఆజ్ఞకీ, ప్రథమ పురుష వర్తమానానికీ కొద్ది క్రియల్లో తప్ప తేడా లేదు. లాటిన్‌లో ఈ రెంటినీ వేరుచేసిన చివరి 'ట్' కాలక్రమంలో రాలిపోయింది. ఆమె రోజూ చేసేదీ, ఆమెని చెయ్యమనేదీ ఒకటే మాట. ఆమె ఎలాగూ చేస్తుంది కాబట్టి ఆజ్ఞ వినపడదు. ఎలాగూ ఆజ్ఞే కాబట్టి చేసిన పని కనపడదు. మన ఇళ్ళలో క్రియారూపాలు వేరైనా జరిగేది ఇదే కదా.

క్లాసులో జతలుగా కూర్చుని ఒకరికొకరు ఆజ్ఞలివ్వాలి. నా జత ఇరవై రెండేళ్ళ అబ్బాయి. 'నువ్వు' రూపం వాడాల్సి ఉన్నా నోరు రాక, 'సియెర్రే' అంటూ గౌరవ రూపంలోకి వెళ్ళిపోయాడు. ఇంట్లో ఎవరినేమంటావని అడిగాను. "నాన్నని మీరు అంటాను మేడమ్, అమ్మని నువ్వు అంటాను," అన్నాడు. అది ప్రేమ అంటాం మనం. ప్రేమే కావచ్చు. కానీ 'మీరు'కి ఎప్పుడూ ఒకే చిరునామా ఎందుకో?

స్పానిష్‌లో ఆజ్ఞకి తోక తగిలిస్తారు. 'సిర్వెమే' అంటే నాకు వడ్డించు, 'సిర్వెతే' అంటే నువ్వే వడ్డించుకో. మన 'కో' లాంటిదే. రాసుకో, ఎంచుకో అన్నప్పుడు ఆ 'కో' ఎంత బాగుంటుంది! సర్దుకో, ఓర్చుకో, నోరు మూసుకో అన్నప్పుడూ అదే 'కో'. తోక ఒకటే అయినా దాన్ని ఏ క్రియకి కడుతున్నామో చూసుకోవాలి.

మా అమ్మ మా నాన్నతో ఒక్క విధ్యర్థకం వాడగా నేను వినలేదు. తలుపు వెయ్యండి అనేది కాదు, "చలిగాలి వస్తున్నట్టుంది" అనేది. మందు వేసుకోండి అనేది కాదు, "మందు వేళయింది" అనేది. ఆయన మాత్రం "మంచినీళ్ళు" అనేవారు. ఆయనకి క్రియతో కూడా పని లేకపోయింది.

అమ్మకి ఇప్పుడు ఎనభై నాలుగు. జ్ఞాపకం పోతోంది. పొడుగు వాక్యాలు ఆమెని చేరవు, చిన్న మాటలు చెప్పమన్నారు డాక్టరు. "అమ్మా, లే. కూర్చో. తాగు." జీవితమంతా ఆజ్ఞలు విన్న మనిషికి చివరికి నేనూ ఆజ్ఞలే ఇవ్వాల్సి రావడం గుచ్చుకుంటూనే ఉంటుంది.

అయితే ఈమధ్య అమ్మ కూడా ఆజ్ఞలిస్తోంది. "ఫాను ఆపు." "కిటికీ తియ్యి." "ఈ చీర వద్దు, ఎర్రది తే." డొంకతిరుగుడు లేదు, సంకోచం లేదు. నాన్న పేరు మరిచిపోయాక అమ్మకి విధ్యర్థకం వచ్చింది. దీన్ని విముక్తి అనలేను, ఇది జబ్బు. కానీ ఆ గొంతు అంతకుముందు లేదని మాత్రం ఎలా అనను? అరవై ఏళ్ళు అదెక్కడ దాగిందో అడుగుదామంటే అడిగే అవకాశం దాటిపోయింది.

మొన్న హోంవర్కు చేసుకుంటుంటే పక్కన కూర్చుని, ఏమిటది, చదువు అంది. 'కువేన్తా' అని చదివాను. లెక్కపెట్టు అనీ అర్థం, చెప్పు అనీ అర్థం అన్నాను. "అయితే చెప్పు," అంది అమ్మ.